దిద్దని మొహం

అమ్మకు,

నమస్కారం. నువ్వూ అక్కా పాపా బాగున్నారని తలుస్తాను. పాప బరువు పెరిగిందో లేదో ఈసారి తప్పకుండా రాయి. ఇక్కడ క్షేమమే అనే మాటని మాత్రం కాస్త కిందికి జరిపాను, ఏమనుకోకు.

ముందు నీ మీద కోపం తీర్చుకోనీ. "ఇన్నాళ్లకి నీ కాలు ఒకచోట నిలిచింది, నాన్న జబ్బు నీకు నిలకడ నేర్పింది" అని రాశావు. అక్కదీ అదే మాట, పిన్నిదీ అదే మాట. మూడేళ్లలో నాలుగు ఉద్యోగాలు మానేసినప్పుడు బొంగరం అన్నారు, పడ్డాను. ఇప్పుడు బంగారుతల్లి అంటున్నారు, ఇది పడలేకపోతున్నాను. బొంగరం అన్నప్పుడే మీరు నన్ను సరిగ్గా చూశారు. మన ఫోటో స్టూడియో కౌంటరు దగ్గర పొద్దుట్నించి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంటున్నానంటే, దానికి కారణం మీరనుకునేది కాదు. ఫోన్లో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమే వస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వడిగినవి ముందు చెబుతాను. నాన్న గాయం ఆరింది. చెవి ముందు మొదలై, తమ్మె కిందుగా వెనక్కి తిరిగి జుట్టులోకి పోయే సన్నటి గీత, అంతే. దగ్గరికొచ్చి చూస్తే తప్ప తెలియదు. ఉమ్మి గ్రంథిలో గడ్డ తీసిన చోట గుంట పడుతుందేమోనని బెంగపడ్డావు కదా, పడలేదు. మెడ కండరంలోంచి కొంచెం మడిచి అక్కడ సర్దారట. కోటు భుజాల్లో దూది పెట్టినట్టా అని అడిగి నాన్న డాక్టరుగారిని నవ్వించాడు. పులుపు తింటే ఊరిన ఉమ్మి గాయంలోకి చేరుతుందని రెండు వారాలు ముట్టనివ్వలేదు. గడ్డ ప్రమాదమైనది కాదని రిపోర్టు వచ్చింది. ఈ పేరాలో ఉన్నదంతా నిజం.

మొహాన్ని కదిలించే నరం ఆ ఉమ్మి గ్రంథి మధ్యలోంచే పోతుందని నీకు తెలుసు. అది తెగలేదు, నలిగింది; మొహం కుడిసగం కదలడం మానేసింది. కొన్ని నెలల్లో కోలుకుంటుందనీ, ఈలోగా జాగ్రత్త మనదేననీ చెప్పారు. కుడికన్ను పూర్తిగా మూసుకోదు కాబట్టి పగలంతా చుక్కలు, పడుకునేముందు మందు రాసి రెప్పకి టేపు. అద్దం ముందు వ్యాయామాలు. ఇవి కాక వారం వారం నాలుగు ఫోటోలు పంపాలి. ఊరికే ఉన్నప్పుడొకటి, కనుబొమలెత్తి ఒకటి, కళ్లు గట్టిగా మూసి ఒకటి, పళ్లు చూపించి ఒకటి. ఇంత దూరం ప్రతిసారీ ఎందుకు రావడం, మీది ఫోటోల కొట్టే కదా, మీకంటే బాగా ఎవరు తీస్తారు అన్నారు డాక్టరుగారు.

బాగానే తీశాం. అక్కడే వచ్చింది చిక్కు.

మొదటివారం నీకు పంపిన ఫోటో గుర్తుందా? నవ్వు ఏమీ మారలేదని పొంగిపోయి రాశావు. అది నాన్న మొహంలో ఎడమ సగాన్ని తిప్పి కుడివైపు అతికించింది. అక్కకి బీపీ, పాప నెల ముందే పుట్టింది, అక్కడ నువ్వొక్కదానివే, భయపడతావని చేశాను. తర్వాత డాక్టరుగారికి పంపాల్సినవి స్క్రీను మీద తెరిచాను. నాన్న నా వెనకే నిలబడ్డాడు. కళ్లు మూసిన ఫోటోలో కుడికన్ను సగం తెరుచుకుని, తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఆయన చాలాసేపు చూసి, "ఇది ఇలాగే బయటికి పోతుందా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

మన కొట్టు నియమం నీకు కొత్తది కాదు. దిద్దని మొహం గడప దాటకూడదు. మొటిమైనా, మచ్చయినా, కళ్లకింద నలుపైనా. నాకు పదేళ్లప్పుడే నాన్న ఆ పని నేర్పాడు. చెయ్యి దానంతట అదే నడిచింది. ఎడమరెప్పని తెచ్చి కుడికంటి మీద మూశాను. పెదవి మూల ఎత్తాను. పంపాను. ఐదు వారాలు అలాగే పంపాను.

మూడోవారం డాక్టరుగారి దగ్గర్నించి జవాబొచ్చింది. కన్ను చక్కగా మూసుకుంటోంది, ఇక టేపూ చుక్కలూ మానేయొచ్చని. ఆ జిగురంటే నాన్నకి ఎంత చిరాకో. వెంటనే టేపు చుట్ట తీసి చెత్తబుట్టలో వేశాడు. నేను ఎదురుగానే ఉన్నాను. ఒక్క ముక్క మాట్లాడితే సరిపోయేది. కౌంటరు అద్దం తుడుస్తున్నట్టు నటించాను.

పోయిన గురువారానికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయాడు. కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. తడి లేక నల్లగుడ్డు మీద పుండు పడిందట. ఇంకో వారం ఆలస్యమైతే చూపు పోయేదేమో అంది. మందు పట్టింది, ఎరుపు తగ్గుతోంది, టేపు మళ్లీ వేస్తున్నాను.

ఆవిడ మన డాక్టరుగారికి ఫోన్ చేసింది. నిన్న ఆయన మమ్మల్ని పిలిపించి, ఐదు వారాల ఫోటోలూ బల్ల మీద పరిచి, వాటినీ నాన్న మొహాన్నీ మార్చి మార్చి చూశారు. "ఇన్నాళ్లూ కదిలిన మొహం ఇప్పుడు చచ్చుబడిందంటే నాకు అనుమానంగా ఉంది" అన్నారు. లోపల ఏదో మిగిలిపోయి నరాన్ని నొక్కుతోందేమోనట. వచ్చేవారం స్కాను. అందులో తేలకపోతే మళ్లీ కోసి చూడాలట. రెండోసారి కోసినప్పుడు నరాన్ని కాపాడటం మొదటిసారంత తేలిక కాదని కూడా చెప్పారు. నేను చేతిసంచి జిప్పు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న కుడిచెంప కిటికీ వైపు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "దీపం ఒక పక్కనే ఉంది బొంగరం, మెరుపు మాత్రం రెండు రెప్పల మీదా పడింది. నువ్వు దిద్దావని మొదటివారమే చూశాను" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదన్నాను. "బాగుంది మరి" అన్నాడు. ఇంకో స్టాపు దాటాక, "ఆయన ముందు నువ్వు తలదించుకోవడం నేను చూడలేను. ఇంకోసారి కోస్తే కోయనీ" అన్నాడు.

అమ్మా, నువ్వు భయపడతావని దిద్దానని పైన రాశాను చూడు, ఆ వాక్యం కొట్టెయ్. ఆపరేషనై నాన్న ఇంటికొచ్చిన మూడోరోజు కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు ఫోటో దిగడానికి వచ్చాడు. నాన్న కెమెరా వెనక నించి నవ్వమన్నాడు. ఆ మాట వంకరగా వచ్చింది, పెదవి మూలనించి తడి కారింది. మేనేజరు మొహం తిప్పుకుని, ఈయనెవరని నన్నడిగాడు. ఇక్కడ పనిచేస్తారు అన్నాను. నాన్నకి వినపడింది. నాకు కలిగింది జాలి కాదు, సిగ్గు. మర్నాడు, దుమ్ము గాయానికి మంచిది కాదని చెప్పి ఆయన్ని వెనకగదిలో కూర్చోబెట్టాను. ఎదురు చెప్పకుండా కుర్చీ తనే మోసుకెళ్లాడు. ఆయన కనబడకుండా ముందు నేను కూర్చున్నాను. మీరంతా మెచ్చుకున్న నిలకడ అది.

కొట్లో ఇంకో అలవాటు కూడా ఉంది. దిద్దకముందు తీసినదాన్ని తారీఖుతో దాచడం. ఇరవై ఫోటోలూ ఉన్నాయి. ఇవాళ వరసగా పెట్టి చూశాను. మొదటివారం నించీ కన్ను అలాగే ఉంది, కొత్తగా చచ్చుబడింది ఏమీ లేదు. పైగా ఐదోవారానికి పెదవి మూల బియ్యపుగింజంత లేచింది. అది నేను దిద్దింది కాదు.

ఇక కిందికి జరిపిన మాట. నాన్నకి చూపు దక్కింది. ఆ మేరకు క్షేమం.

రేపు పదింటికి ఆ ఇరవై ఫోటోలూ డాక్టరుగారి బల్ల మీద పెట్టి, ఆయనకి పంపినవి నేను దిద్దినవని చెబుతాను. నాన్న వద్దన్నా వెళ్తాను. ఎల్లుండి నించి కౌంటరు దగ్గర నాన్నే కూర్చుంటాడు.

ఇట్లు,
నీ చిన్న కూతురు