ఆరు మిల్లీమీటర్లు

మార్చి 3
పోయినేడు యాక్సిడెంట్‌లో పోయిన ఎడమ కాలికి ఈరోజు కొత్త మోకాలు. కృత్రిమ కాళ్లు బిగించే ఆయనకి నేను పెట్టుకున్న పేరు మిల్లీమీటర్. నోరు తెరిస్తే అదే మాట. కీలు వెనక్కి బిగిస్తే నిలబడినప్పుడు గట్టిగా ఉంటుందట, నడకలో మాత్రం సరిగ్గా వంగదట. ముందుకు జరిపితే సులువుగా వంగుతుందట, ఎప్పుడు కూలుస్తుందో చెప్పలేడట. వెనక్కే బిగించాడు, పిరికి మనిషి.

మార్చి 9
కాలు కర్రలా వస్తోంది. నడుం ఎత్తి విసరాలి. లేకపోతే బూటు ముందుభాగం నేలకి రాసుకుంటోంది. 21న మెడికల్ బోర్డు. పాసైతే మళ్లీ బస్సులో కండక్టర్‌ని. ఫెయిలైతే రిటైరయ్యేదాకా డిపోలో కుర్చీ. చచ్చినా ఆ కుర్చీలో కూర్చోను.

మార్చి 12
మిల్లీమీటర్‌తో పోట్లాడాను. తల పట్టుకుని, ఆరు మిల్లీమీటర్లు ముందుకు జరిపాడు. అబ్బ! నడిచాను. నిజంగా నడిచాను. ఇంకొక్క వెంట్రుకవాసి జరిపినా తన పూచీ లేదట. బూట్లు మార్చేముందు చూపించమని కూడా ఏదో అంటున్నాడు. ఎవరు వింటారు? అప్పటికే గుమ్మం దాటేశాను.

మార్చి 19
బోర్డుకి యూనిఫాం బూట్లతో రావాలట. అక్క కొని తెచ్చింది. నల్లవి, కాస్త హీలున్నవి. మురిసిపోతూ వేసుకుని వంటింటి దాకా వెళ్లానో లేదో, మోకాలు మడతపడిపోయింది. గిన్నెల మీద పడ్డాను. మోచెయ్యి చీరుకుంది. వాణ్ణీ, వాడి ఆరు మిల్లీమీటర్లనీ నోటికొచ్చినట్టు తిట్టాను. కుర్చీ పనైతే ఏమే, ప్రాణం మిగులుతుంది కదా అని అక్క ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఎల్లుండే బోర్డు.

మార్చి 20
నా అరుపులన్నీ మిల్లీమీటర్ విన్నాడు. మోకాలి వైపు చూడనే లేదు. బూటు ఊడదీసి హీలు కొలిచాడు. రెండున్నర సెంటీమీటర్లు. పాత బూటుది ఒక్క సెంటీమీటరే. హీలు లేస్తే మోకాలి కింది భాగమంతా ముందుకు వాలుతుందట, ఇక మోకాలు ఆగదట. ఆ రోజు నేను వినకుండా వచ్చేసిన మాట అదే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మోకాలు వెనక్కి జరపాలా, హీళ్లు కొయ్యాలా అని అడిగాడు. కొయ్యండి అన్నాను. రంపం తీశాడు. అక్క చూడలేక బయటికి వెళ్లిపోయింది.

మార్చి 21, ఉదయం 6
భయంగా ఉంది. బోర్డువాళ్ల ముందు ర్యాంపు దిగేటప్పుడు మోకాలు మళ్లీ కూలుస్తుందేమో. అక్క నిన్నటి నుంచీ మాట్లాడటం లేదు. కోసిన బూట్లకి పాలిష్ మాత్రం పెట్టింది.

ఏప్రిల్ 2
బస్సులో నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు డ్రైవరుది. స్టాపొచ్చింది, టికెట్లు కొట్టాలి.