వీరయ్య రాసిన తలుపు

1931 ఫిబ్రవరి 9
వీరయ్య కొట్టం ఫోటో తీశాను. ఈ చుట్టుపక్కల కళాకారులు పనిచేసే చోట్లన్నీ పదేళ్లుగా తీస్తూనే ఉన్నాను — గిద్దలూరులో తోలుబొమ్మలవాళ్ల పాక, కంభంలో హార్మోనియాలు బాగుచేసే గది... నాటకాల తెరల మీద బొమ్మలు రాసే వీరయ్య దగ్గరికి మాత్రం ఏటా వెళతాను. మార్కాపురంలో అంత వెలుతురు ఇంకెక్కడా దొరకదు. అతని భార్య సుబ్బమ్మ రంగులు నూరుతోంది. కెమెరా అటు తిప్పగానే లేచింది.
"నన్ను తీయొద్దు బావా, మొగమంతా రంగే."

1933 ఆగస్టు 17
సుబ్బమ్మ పోయింది. కలరా. రెండు రోజుల్లోనే.

1934 జనవరి 20
కొట్టానికి వెళ్లాను. కొత్త తెర. వీధి, నడుమ ఒక ఇల్లు, మూసిన తలుపు.
"ఎవరిది తమ్ముడూ ఆ ఇల్లు?"
"మాదే."
మళ్లీ కుంచె అందుకున్నాడు. ఫోటో తీసుకుని వచ్చేశాను.

జనవరి 21
ఫోటో ప్లేటు కడిగాను. తెరలో తలుపు ఓరగా తెరిచి ఉంది. బెత్తెడు సందు. లోపల నలుపు.
భూతద్దం పెట్టి చూశాను... తెరిచే ఉంది.

జనవరి 22
ప్రింటు పట్టుకుని పొద్దున్నే వెళ్లాను. తెర మీద తలుపు మూసే ఉంది. తాకితే వేలికి పచ్చి రంగు అంటింది. వీరయ్య ప్రింటు తీసుకుని చూశాడు.
"నీకూ కనపడిందా అన్నా? రోజూ తెల్లారేసరికి తెరిచి ఉంటాది. రంగేసి మూస్తుండా."
"ఎవరు తెరుస్తున్నారు?"
"అడగబాక."

1936 ఏప్రిల్ 3
రెండేళ్లుగా ఆ తెర కోసం తిరుగుతున్న నాటకం కంపెనీవాళ్లు కనిగిరి నుంచి బండి తెచ్చారు. వీరయ్య ఇవ్వనన్నాడు. అరిచారు, తిట్టారు, ఖాళీ బండితో పోయారు. చిక్కి సగమయ్యాడు. అన్నం తినడం లేదట.

ఏప్రిల్ 11
గిద్దలూరు నుంచి వాళ్లక్క వచ్చి వీరయ్యను తీసుకుపోయింది. రైలెక్కే ముందు కొట్టం తాళం, ఒక కుంచె నా చేతిలో పెట్టాడు.
"రోజూ మూయాల అన్నా. మరిచిపోబాక."
సరేనన్నాను. ఎందుకన్నానో.

ఏప్రిల్ 12
తెరిచి ఉంది. మూశాను.

ఏప్రిల్ 30
మూశాను. సందు రోజురోజుకీ పెరుగుతోంది. ఇప్పుడు మనిషి పక్కకి తిరిగితే పట్టేంత.

మే 6
కుంచె ఎత్తాను. దించేశాను. సుబ్బమ్మ ఇంటి తలుపు... ఆమె మొహం మీద వేస్తున్నట్టు అనిపించింది. మూయకుండానే తాళం పెట్టి వచ్చేశాను.

మే 7
వెళ్లలేదు.

మే 10
వీరయ్య దగ్గర్నుంచి కార్డు. దుకాణాలకు బోర్డులు రాస్తున్నాడట, కడుపునిండా తింటున్నాడట. కింద రెండు ముక్కలు —
"సుబ్బమ్మ వచ్చింది. నువ్వు మూయలేదని ఆమే చెప్పింది అన్నా."

మే 11
మధ్యాహ్నం ఎండలో కొట్టానికి పోయాను. తాళం వేసినట్టే ఉంది.
లోపల, తెర మీద తలుపు మూసి ఉంది. నేను మూయలేదు. రంగు ఎండిపోయి, పెచ్చు కట్టి, ఎన్నేళ్లుగానో అట్లాగే ఉన్నట్టు.
కార్డుకు జవాబు రాయాలి. "తమ్ముడూ" అని రాశాను. అంతే...