మాక్సెన్‌కి మేత పెంచాను

బ్రిన్ హెలిగ్,
అక్టోబరు, ఆదివారం

నా మొండి గెథిన్‌కి,

ఆసుపత్రి నుంచి నీ ఉత్తరం అందింది. చదవగానే పొయ్యిలో పడేద్దామనుకున్నాను కానీ వెనకవైపు తెల్లగా ఉంది కదా అని ఉంచాను. ఇది దాని మీదే రాస్తున్నాను.

మందని అమ్మేద్దామంటావు. పొలం ఎవరికైనా కౌలుకిచ్చేసి, సముద్రం పక్కన మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకుందామంటావు. అన్నిటికంటే ముందు మాక్సెన్‌ని మంగళవారం సంతకి తోలించెయ్యమంటావు. కొట్టం ముందు మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నది నువ్వు. మధ్యలో ఆ ఆంబోతు నీకేం చేశాడు?

మాక్సెన్ పని అయిపోయిందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. మన ఆవుల్లో సగం ఇప్పుడు వాడి కూతుళ్ళే, వాణ్ణి ఇంక మందలో వదలకూడదు. అయితే సంతకి మాత్రం తోలను. వాణ్ణి పాలసీసా పట్టి పెంచింది ఈ చేతులే. ఎక్కడో ఊరూపేరూ లేని మాంసం డబ్బాలోకి వెళ్ళడానికా? ఈ చలికాలం బాగా మేపి, మన మాంసం కొట్టతను ఓవెన్ చేత కోయించి, మన ఇంట్లోనే తిందాం. నేను నిర్ణయించేశాను.

పక్కపొలం ఐవర్ కంచె మీద మోచేతులు పెట్టుకుని ఒకటే నవ్వు. "తెగ్వెన్, ఆ ముసలాణ్ణి నమలాలంటే నువ్వు కొత్త పళ్ళు కట్టించుకోవాలి!" అన్నాడు.

"నీకు పోసేది సూపే లేవయ్యా. నమలక్కర్లేదు, నోరు మూసుకుని మింగు," అన్నాను.

లీకు ఉల్లికాడలు, బంగాళాదుంపలు వేసి పొద్దున్నించి సాయంత్రం దాకా సన్నసెగ మీద ఉడికిస్తే ముసలి మాంసమంత రుచి లేత మాంసానికి ఎక్కడిది? మా అమ్మ కౌల్ సూపు అలాగే కాచేది. నువ్వూ మూడు గిన్నెలు లాగించేవాడివి.

ఇంకో సంగతి. వాడి మాంసం మనకి వచ్చే ఏడాదంతా వస్తుంది. మెట్లు లేని నీ చిన్నింట్లో అంత మాంసం పెట్టుకోడానికి చోటుండదు. నేనేం చెబుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

నీ
తెగ్వెన్


బ్రిన్ హెలిగ్,
నవంబరు, శుక్రవారం

గెథిన్, బంగారం,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలుసు. ఈసారి కొత్త కాగితమే తీశాను, చెప్పాల్సింది చాలా ఉంది.

మాక్సెన్ చిక్కిపోయాడు. నవ్వకు. మేతకొట్టు దగ్గరగా ఉంటుందని వాణ్ణి కింది చేలో పెట్టాను. తొట్టినిండా బార్లీ పోస్తే అలాగే ఉండిపోయేది. రోగమేమో అనుకున్నాను, పళ్ళేమో అనుకున్నాను. నిన్న కాస్త నిలబడి చూద్దును కదా, కంచెకి అవతల ఆవులు, ఇవతల వీడు. తెల్లారి లేచింది మొదలు ఆ కంచె వెంబడే ఈ మూలకీ ఆ మూలకీ నడుస్తున్నాడు. గడ్డి చచ్చి బురదబాట పడింది. తిన్న నాలుగు గింజలూ ఆ నడకలోనే కరిగిపోతుంటే ఒళ్ళెక్కడ చేస్తాడు? ఇన్నేళ్ళు పశువుల్ని మేపినదాన్ని, ఆ చేలో పెట్టడానికి నాకు బుద్ధుండాలి.

ఆ మధ్యాహ్నమే నీ దగ్గరికి వచ్చాను. నీ పక్కన సూపు చల్లారి, పైన తెట్టు కట్టి ఉంది. "ఈయన పళ్ళేలన్నీ ఇలాగే వెనక్కొస్తున్నాయమ్మా, మీరైనా చెప్పండి," అంది నర్సు. నేను ఊళ్ళో కబుర్లన్నీ చెప్పాను. నువ్వు ఊఁ కొడుతూనే ఉన్నావు కానీ కళ్ళు నా మీద లేవు. నా భుజం మీదుగా కిటికీలోంచి చూస్తున్నావు. ఆ కిటికీలో కనపడేది మన కొండ.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను, గెథిన్. పక్కన పాస్టరుగారి భార్య కూర్చుని ఉన్నా ఆపుకోలేకపోయాను.

ఈ పొద్దున ఐవర్ సాయంతో మాక్సెన్‌ని కొండ అవతలి పాత కొట్టానికి మార్చాను. అక్కడికి ఆవులు కనపడవు, వాసన కూడా రాదు. తోడుకి మన కుంటిగొర్రెని కట్టేశాను. సాయంత్రానికి తొట్టి నాకేశాడు. మేత పెంచాను.

మరి నిన్ను కొండ అవతలికి తోలలేను కదా! నీ విషయంలో కంచె తీసెయ్యడమొక్కటే దారి. ముందుగది ఖాళీ చేసి మంచం కిందికి దింపించాను. మీ డాక్టరుకి ఫోన్ చేశాను. "ఇంట్లో ఆయన్ని ఎవరు చూసుకుంటారండీ?" అన్నాడు. "ఆంబోతుని చూసుకునేదాన్ని, ఈయన్ని చూసుకోలేనా?" అన్నాను. బుధవారం తీసుకెళ్ళమన్నాడు.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. నువ్వు నిజంగానే అలిసిపోయి ఆ సముద్రం పక్కన ఇల్లు కోరుకుంటుంటే, అన్నీ అమ్మేసి వస్తాను. గొణుక్కోకుండా వస్తాను. భయపడి అంటుంటే మాత్రం రాను. నిజం రాయి. మాక్సెన్‌ని మేపనా, అమ్మెయ్యనా?

నీ
తెగ్వెన్


ఆసుపత్రి,
సోమవారం

నా తెగ్వెన్‌కి,

పడుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే తిట్టకు.

ఆ రోజు మంచు మీద పడ్డాక నిన్ను కేకేశాను. గొంతు నాకే వినపడలేదు. నువ్వు వచ్చేదాకా అక్కడే పడి ఉండి, నా పని అయిపోయిందనుకున్నాను. మాక్సెన్‌ని తోలించెయ్యమన్నది అందుకే. ఏ పొద్దు వాణ్ణి చూసినా నన్ను నేను చూసుకున్నట్టే ఉంటుందని భయం. పని అయిపోయినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఎవరు మేపుతారు అనుకున్నాను. నువ్వేమో మేత పెంచానని రాశావు. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు చదువుకున్నానో!

నిన్న సూపు మొత్తం తాగాను. ఉప్పులేని నీళ్ళు. నర్సు చప్పట్లు కొట్టింది. బుధవారం నుంచి నువ్వు నాకూ గిన్నెలు గిన్నెలు పోస్తావని తలుచుకుంటే మాత్రం కొంచెం గుబులుగానే ఉంది. ఓవెన్ కత్తి నూరుతున్నది ఎవరి కోసమో ముందే చెప్పు.

మేపు. అయితే బార్లీ అలాగే పోస్తున్నావని పందెం కాస్తాను. నలగ్గొట్టి నానబెట్టు, వాడివి ముసలి పళ్ళు. కోశాక మాంసం మెత్తబడేలా మూడు వారాలు వేలాడదియ్యందే ముక్క కొట్టొద్దని ఓవెన్‌కి గట్టిగా చెప్పు. కాలిపిక్కలు కౌల్‌కి ఉంచు. నాలుక నాది. ఐవర్ ఎంత బతిమాలినా ఇవ్వకు.

ఎండలు ముదిరేసరికి ఆవులకి కొత్త ఆంబోతు కావాలి. ఎవరి దగ్గర కుర్రది ఉందో ఐవర్‌ని వాకబు చెయ్యమను. బేరం మాత్రం మీరిద్దరూ ఆడొద్దు. కర్ర పట్టుకునైనా సరే నేనే వస్తాను. దాని నడక చూడాలి.

నీ
గెథిన్