నంబరు ప్లేటు ఫ్రేము వెనకవైపు
శనివారం, 2000, కానింగ్ వేల్

సునీత కొత్త కారు నంబరు ప్లేటుకి ఫ్రేము కొనడానికి నన్నూ తీసుకెళ్లింది.

"నువ్వే ఏరు నాన్నా. నలభై ఏళ్లు రేకు పెట్టెలు చేశావుగా" అంది.

ఈలోపు అల్లుడు తళతళలాడేదొకటి తీశాడు. "మావయ్యగారూ, ఇది సూపర్‌గా లేదూ?"

దాని మూలలో గోరు పెట్టి లాగితే అతుకు దగ్గర తట్టుకుంది. నాలుగు వానలు పడితే అక్కడే తుప్పు మొదలవుతుంది. కాదంటే చిన్నబుచ్చుకుంటాడేమోనని దాన్ని అతని చేతికే ఇచ్చేశాను.

పక్కనున్న మామూలు స్టీలు ఫ్రేము తిప్పి చూశాను. అతుకు ఎక్కడుందో గోటికి దొరకలేదు. వెనక అంచులు కూడా ఆకురాయితో నున్నగా రుద్ది ఉన్నాయి. కింద నీళ్లు జారడానికి రెండు చిల్లులు. ఎంత మంచి పని!

కొట్టు తెల్లాయన నన్ను చూసి నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఇది ఆయనే చేశాడంట నాన్నా. ఇప్పటిదాకా ఎవరూ తిప్పి చూళ్లేదంట!"

అల్లుడు తనది పక్కన పెట్టేశాడు. "అయితే ఇదే తీసుకుందాం. ముందే చెప్పచ్చుగా మావయ్యగారూ!"

హమ్మయ్య అనిపించింది. కానీ నా పెట్టెల లోపలి అంచులు నేనెప్పుడూ అలా రుద్దలేదు. బట్టలు తీస్తూ ఎంతమంది చేతులు కోసుకున్నారో...