కప్పుకు మేకులు కొట్టాలా, కంత వదలాలా

హోన్ సామ్ జలాశయం గేట్ల అధికారి గారి సముఖమునకు,
నది దిగువన లాక్ థుయ్ గ్రామ కాపురస్థుడు, వరి రైతు వో వాన్ కియెమ్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రేపటి తుఫానుకు మా ఇంటి కప్పు మూయవలెనో, తెరచి ఉంచవలెనో తెలియజేయుట గురించి.

1. మా ఊరికి తూర్పున సముద్రము, పడమట కొండలు గలవు. ఎండాకాలమంతా కొండల అవతలి వడగాలి మమ్మల్ని వేపుకు తింటుంది. వానాకాలంలో గాలి సముద్రం మీంచి, నీళ్లు కొండ మీంచి వస్తాయి. గాలికైతే కప్పు బిగించి మేకులు కొట్టాలి. వరదకైతే అటక మీద కప్పులో మనిషి దూరేంత కంత వదలాలి. రెండూ ఒక్కరోజే వస్తే ఏం చేయాలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

2. పోయిన తుఫాను ఉదయం ఊరి మైకులో "గాలి వస్తోంది, కప్పులు బిగించుకోండి" అని చాటించినారు. నేను బిగించితిని. మా అమ్మ అప్పటికే బియ్యం బస్తాలతో అటక ఎక్కి ఉన్నది.

"ఒరే కియెమ్, ఆ కంత మూసేస్తున్నావేంట్రా? నీళ్లొస్తే నేనెటు పోను?"

"నీళ్ల మాట ఎవరూ చెప్పలేదే అమ్మా. కప్పు లేచిపోతే నువ్వూ లేచిపోతావ్. మాట్లాడకుండా పడుకో."

నేను పడవ కట్టి వచ్చుటకు వెళ్లితిని.

3. ఆ మధ్యాహ్నమే తమరు గేట్లన్నీ ఒక్కసారిగా ఎత్తించినారు. సైరను మోగలేదు. నీళ్లు గోడల్ని గుద్దుకుంటూ, గేదెల్ని ఈడ్చుకుంటూ వచ్చాయి. నేను పడవలో ఇల్లు చేరేసరికి చూరు మునిగింది. కప్పు కింద నుంచి అమ్మ కొడుతోంది. నేను పైనుంచి గొడ్డలితో కొడుతున్నాను. గాలి పడవను లాగేస్తోంది. నేను కొట్టిన మేకులు గట్టివి, అయ్యా. పైన ఇనుప తీగ కూడా చుట్టాను. దారి చేసేసరికి లోపలి చప్పుడు ఆగిపోయింది. అమ్మ వేళ్లకు గోళ్లు లేవు.

4. తమ కార్యాలయమునకు వచ్చి విచారించగా గుమాస్తా శ్రీమతి థూ గారు ఇట్లు సెలవిచ్చినారు: "తుఫాను వేరే శాఖ, అన్నా. మాది నీళ్లే. రెండూ వచ్చి నీ ఇంటి మీద కలిస్తే మేమేం చేస్తాం?" అంతట నేను కుర్చీ ఎత్తి కిటికీకేసి కొట్టిన మాట వాస్తవము. దానికి కేసు వేరుగా నడుచుచున్నది.

5. రేపు మళ్లీ తుఫాను. మైకులో మళ్లీ అదే మాట. బడి మేడకు పోదామంటే దాని కప్పు ఎప్పుడో ఎగిరిపోయింది. నా భార్య న్యాన్ నిండు నెలల మనిషి. ఈసారి అటక ఎక్కేది ఆమె.

కావున రేపు గేట్లు ఎత్తుదురో లేదో ముందుగా సెలవిప్పించ ప్రార్థన. ఎత్తకుంటే మేకులు కొట్టుకుంటాను. ఎత్తేటట్లయితే కంత వదిలి, కప్పును గాలికి అప్పగిస్తాను. ఒక్క మాట చాలు, చిత్తగించవలెను.

ఈ పూటకు ఇంకా
తమ విధేయుడు,
వో వాన్ కియెమ్

తా.క. అర్జీ ఇవ్వబోతే థూ గారు "వచ్చే వారం చూస్తాం" అన్నారు. అక్కర్లేదు. గేట్లు ఎత్తమని కొండ మీదికి ఫోను చేసేది మీ మేడగదిలోంచేనట. న్యాన్‌ను పడవలో తీసుకొచ్చి ఆ ఫోను పక్కనే చాప వేసి పడుకోబెట్టాను. గుమ్మంలో నేను కూర్చున్నాను. ఎత్తమని చెప్పాలనుకుంటే లోపలికి రా. న్యాన్ మొహం చూస్తూ చెప్పు.