ఉతకని స్వెటర్

మరిదికి వదిన రాస్తున్నది,

ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం, గుర్రానికే బాగాలేదు. ఈనింది, పిల్ల లేచి పాలు తాగుతోంది. కానీ మాయ పూర్తిగా పడలేదు. డాక్టరు వచ్చి లోపల ఉండిపోయిన ముక్క తీసి, కడిగి, సూది వేశాడు. రోజూ జ్వరం చూడమన్నాడు. గిట్టలు పట్టుకుని వేడిగా ఉన్నాయేమో చూడమన్నాడు. గిట్టలకు వేడి పాకితే ఇక అది నిలబడడం కష్టమట.

చూడాలంటే అది దగ్గరికి రానివ్వాలి కదా. మీ అన్నయ్య పోయినప్పటి నుంచి ఎవరినీ రానివ్వడం లేదు. నేను ఆయన చొక్కా తొడుక్కుని వెళ్తే మాత్రం వాసన చూసి, నా భుజం మీద తల ఆనించి ఊరుకునేది. డాక్టరు చెయ్యి పెట్టినప్పుడూ అలాగే నిలబడింది. చొక్కా అంతా నెత్తురైంది. అత్తయ్య చూడలేక సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. పాపం, ఆవిడకేం తెలుసు. ఇప్పుడు అదే చొక్కాతో వెళ్తే చెవులు వెనక్కి పెట్టి కాలు విసురుతోంది. తవుడు జావ బకెట్లోనే చల్లారిపోతోంది.

ఆయన మిగతా బట్టలన్నీ ఎప్పుడో ఉతికి మడత పెట్టేశాను. గుర్తుగా ఉంటుందని నువ్వు తీసుకెళ్లిన స్వెటర్ పంపు. ఉతక్కు. నువ్వింకా తొడుక్కోలేదనే అనుకుంటున్నాను. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టి, ఈ ఉత్తరం తెచ్చినతని చేతికే ఇవ్వు.

గుర్రం కోసమే అడుగుతున్నాను. అది కోలుకున్నాక మాత్రం స్వెటర్ తిరిగి అడగకు.

మీ వదిన