టెస్ ముట్టని తిండి

పశ్చిమ ఆస్ట్రేలియా

మేనేజరు గారికి,

మీ కుక్క తిండి సంచి మీద ‘జన్యుమార్పిడి పంటలు కలపలేదు’ అని పెద్దక్షరాలతో ఉంది. గొర్రెలు కాసే మా ముసలి టెస్ మాత్రం వారం రోజులుగా దాన్ని వాసన చూసి వెళ్లిపోతోంది. “అచ్చేసిన మాట అబద్ధమా? నీ అనుమానం కుక్కకు కూడా అంటించావు!” అని నా భార్య గ్లెనిస్ నన్నే తిడుతోంది.

అందులో కనోలా అనే ఆవజాతి గింజల నూనె ఉందని మీరే రాశారు. ఆ నూనె మా ఊరి మిల్లుదే. మీ లారీని అక్కడ చూశాను. మిల్లువాళ్ల మాట నమ్మకండి, పరీక్ష చేయించండి.

మొన్న కోతలయ్యాక మిల్లు గేటు దగ్గర “మామూలు రకమేనా?” అని వాళ్లు అడిగితే, అవునని సంతకం పెట్టి జన్యుమార్పిడి కనోలా గింజలు తోలింది నేనే.

జవాబు టెస్ పేరున పోస్టాఫీసుకు రాయండి. మా ఇంట్లో ఉత్తరాలు విప్పేది గ్లెనిస్.